కోటబొమ్మాళి మావగారి నడుం

ఆ రోజుల్లో మా వైపు మగపిల్లాడి ఉద్యోగం ఒక్క మాటలో చెప్పేసేలా ఉండాలి. మాస్టరు, గుమస్తా, కంపౌండరు, కండక్టరు, ఏదీ కాకపోతే వ్యవసాయం. అడిగిన పెద్దమనిషి గొడుగు ముడిచి గుమ్మం పక్కన పెట్టేలోగా జవాబు అయిపోవాలి. రెండో వాక్యం కావలసి వచ్చిందంటే ఆ కుర్రాడిలో ఏదో తేడా ఉన్నట్టే లెక్క. నా ఇరవై మూడో ఏట నాకు ఆ రెండో వాక్యం కావలసి వచ్చింది. దాన్ని నోట్లోంచి బయటికి తేవడానికి పడ్డ యాతన ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం అన్నం సయించేది కాదు. ఇవాళ పెద్ద పెద్ద ఊళ్లలో అద్దాల తలుపులూ చల్లటి గదులూ పెట్టి, తెల్లకోట్లు వేసుకున్నవాళ్లు చేస్తున్న పనికి అరవైల చివర్లో సాలూరులో ఒకటే పేరు, ఒళ్లు పట్టడం. ఒళ్లు పట్టేవాణ్ణి నొప్పి వస్తే పిలుస్తారు, శుభకార్యానికి పిలవడం మర్చిపోతారు. బల్లా కుర్చీ ఉన్న గుమస్తా ఉద్యోగం వదిలేసి, అదీ పెళ్లి ఖాయమయ్యాక, నేను ఆ పనిలోకి దిగాను. (ధైర్యం చేసి దిగానని మీరు అనుకుంటే నన్ను మీరు ఎరగరన్నమాట.)

నేను పుట్టుకతోనే బెదురు మనిషిని. మాది గజపతినగరం. నాన్నగారు అక్కడి పెద్ద బళ్లో తెలుగు మాస్టారు. ఆయన పద్యం ఎత్తుకుంటే వీధి చివర కిళ్లీకొట్టు దాకా వినపడేది. ఆయన కొడుకునైన నేను క్లాసులో లేచి నిలబడి పాఠం చదివితే పక్కవాడిక్కూడా వినపడేది కాదు. ఎలాగో ఎస్సెల్సీ గట్టెక్కాక, నాన్నగారు తన పాత శిష్యుడొకాయనకి చెప్పి నన్ను సాలూరులో ఒక లారీ ఆఫీసులో గుమస్తాగా వేయించారు. సాలూరంటే వీధికో మెకానిక్కు షెడ్డు, అరుగుకో డ్రైవరు. కొండల్లో ఘాటీ ఎక్కబోయే లారీలూ ఘాటీ దిగి వచ్చిన లారీలూ ఒకదాన్నొకటి తప్పుకోమని పొద్దస్తమానం అరుస్తూనే ఉంటాయి. ఆ హారన్ల మధ్య ఒక బల్ల ముందు కూర్చుని, ఏ సరుకు ఏ లారీలో ఏ ఊరు వెళ్లాలో నేను కాగితాలు రాయాలి. రాస్తూంటే చెయ్యి వణికేది. షావుకారు వెనకాల నించుంటే వణికేది, నించోకపోతే ఎప్పుడొచ్చి నించుంటాడో అని వణికేది. ఆ వణుకులో ఒకసారి రాయగడ వెళ్లాల్సిన చింతపండు బస్తాలు కోరాపుట్టుకీ, కోరాపుట్టు వెళ్లాల్సిన ఇంటి పెంకులు రాయగడ చింతపండు వ్యాపారికీ చేరాయి. ఆయన పెంకులన్నీ దింపించుకుని, వీటితో చారెలా కాచుకోవాలో ఆ గుమస్తానే వచ్చి చెప్పమనండి అని మా డ్రైవరు చేత కబురంపాడు.

ఆ గొడవ ఇంకా చల్లారకముందే ఒక డ్రైవరు ఘాటీ దిగుతూ మెడ పట్టేసి, తల ఒక పక్కకే తిప్పుకుని లారీ దిగాడు. పాపం, ఎదురుగా ఉన్న మనిషిని చూడాలంటే అడ్డంగా తిరిగి నించోవాల్సి వచ్చేది. ఇతన్ని వస్తాదు దగ్గరికి తీసుకెళ్లమని షావుకారు నన్ను పంపాడు. (చింతపండు తర్వాత నాకు కాగితాల పని చెప్పడానికి ఆయన జంకుతున్నాడు.) వస్తాదంటే ఒకప్పుడు తాలింఖానాలో కుస్తీలు పట్టి, మోకాలు పాడయ్యాక అది మానేసి, బస్టాండు వెనక తాటాకు పాకలో లారీవాళ్ల ఒళ్లు పడుతూ బతుకుతున్న మనిషి. ఊరంతా వస్తాదు మావ అనేవారు. పాత లారీ తొట్టి చెక్కలతో చేయించిన బల్ల మీద డ్రైవర్ని బోర్లా పడుకోబెట్టి, నూనె వెచ్చబెట్టి, నన్ను కాళ్లు కదలకుండా పట్టుకోమన్నాడు. కాసేపయ్యాక నా వంక ఓ చూపు చూసి, “ఒరే గుమస్తా, ఆడి కాళ్లు పట్టుకోమంటే నీ కాళ్లు వణుకుతన్నాయేటి? ఇలగొచ్చి ఇక్కడ సెయ్యెట్టు” అన్నాడు. తన చెయ్యి తీసి, నా చెయ్యి అతని భుజం మీద పెట్టాడు.

పెట్టగానే వణుకు ఆగిపోయింది. ఎందుకాగిందో నాకిప్పటికీ తెలియదు. అరచేతి కింద వెచ్చటి కండ, ఆ కండలో చింతగింజంత ముడి ఒకటి వేళ్లకి తగిలింది. అది జారిపోతూంటే మళ్లీ వెతుక్కుంటూ, దొరికితే నిదానంగా నొక్కుతూ, చుట్టూ ఎవరున్నారో ఏమంటున్నారో పట్టించుకోకుండా ఎంతసేపున్నానో. డ్రైవరు మెల్లగా తల రెండో పక్కకి తిప్పాడు. బయటికొచ్చాక గానీ నాకు తట్టలేదు, ఇంతసేపు నేను దేనికీ భయపడలేదని. ఊహ తెలిశాక నాకు అలాంటి పూట అదే మొదటిది.

ఆనాటి నుంచీ ఆఫీసు కట్టెయ్యగానే వస్తాదు పాకలో తేలేవాణ్ణి. ఆయన చదువు చెప్పిన పద్ధతి మా నాన్నగారిది కాదు. అడిగితే చెప్పడు, అడక్కపోతే తిడతాడు. ఆయన మరీ మరీ చెప్పింది ఒక్కటే, బిగేసుకున్న ఒంటి మీద బలం చెయ్యకూడదని, ఒళ్లు తనంతట తాను వదిలేదాకా చెయ్యి అక్కడ పెట్టుకుని కాచుకోవాలని. కొన్ని నెలలు గడిచేసరికి డ్రైవర్లు వస్తాదు మావ ఖాళీగా లేకపోతే గుమస్తా చేత పట్టించుకుంటాం అనడం మొదలుపెట్టారు. నేను ఉద్యోగం మానేస్తానని షావుకారుకి చెప్పడానికి చాలా రోజులు మాటలు కూడబెట్టుకున్నాను. తీరా చెప్తే ఆయన కుర్చీలోంచి లేచి, నా భుజం తట్టి, కాఫీ తెప్పించి, బుద్ధిమంతుడివి నాయనా అన్నాడు. ఆయన సంతోషం చూసి నాకు కాస్త చిన్నతనం కూడా వేసింది.

చిక్కల్లా ఏమిటంటే, అప్పటికే నాకు కోటబొమ్మాళి సంబంధం ఖాయమైపోయింది. మా చిన్నమ్మ కుదిర్చింది. అమ్మాయి తండ్రి (ఇక్కడినుంచి మావగారనే అంటాను, అప్పటికింకా కాకపోయినా) వరి పండించే రైతు. పొడుగాటి మనిషి, మెలేసిన మీసం, మాట తక్కువ. పెళ్లిచూపుల నాడు నా చదువు గురించి అడగలేదు, మరోటీ అడగలేదు. నోట్లో చుట్ట తీసి, “కుర్రోడిది కూకునే పనేనా?” అన్నారంతే. నాన్నగారు సగర్వంగా, కూర్చునే పనేనండీ, కుర్చీకి చేతులు కూడా ఉన్నాయి అని చెప్పారు. పుట్టి బుద్ధెరిగాక బురదలో నడుం వంచి నిలబడ్డ మనిషికి, తన కూతురి మొగుడు చేతుల కుర్చీలో కూర్చుంటాడనేసరికి ముఖం విచ్చుకుంది. ఆ ముఖం తర్వాత నాకు అన్నం ముందు కూర్చున్నా కనపడేది. నేను వదిలేసింది సరిగ్గా ఆ కుర్చీనే మరి. అమ్మాయిని మాత్రం నేను చూళ్లేదు, తలెత్తితే కదా. పసుపు రాసిన పాదాలు, చీర అంచు, అంతే నేను చూసిన పెళ్లికూతురు.

పెళ్లి వైశాఖంలో అనుకున్నారు. ఈలోగా చెప్పెయ్యాలని ప్రతి వారం గజపతినగరం బస్సెక్కేవాణ్ణి. దారి పొడుగునా మాటలు పేర్చుకునేవాణ్ణి. ఇంటి గుమ్మంలో నాన్నగారు ఎదురై, ఆఫీసు ఎలా ఉంది రా అనేవారు. ఉంది నాన్నగారూ అనేవాణ్ణి. (అబద్ధం కాదు. ఆఫీసు ఉంది. నేను లేను.) ఇంతలో నా బట్టలు ఉతకడానికి తీసిన మా అమ్మకి ఆ బట్టల్లో నూనె వాసన, కర్పూరం వాసన, వావిలాకు వాసన తగిలాయి. ఇదేం వాసనరా అని అడిగితే లారీల వాసనమ్మా అన్నాను. లారీల దగ్గర వావిలాకు వాసన ఎందుకొస్తుందో మా అమ్మ ఆలోచించింది. ఆలోచించి, కొడుకు ఒళ్లు పట్టించుకుంటున్నాడనీ, వాడికి వాతం కమ్మిందనీ, పెళ్లి చెడిపోతుందని దాస్తున్నాడనీ తేల్చుకుంది. నాన్నగారికి చెప్పకుండా కుమిలిపోయి, చివరికి మా చిన్నమ్మ ఒక్కర్తెకీ రహస్యంగా చెప్పుకుంది. మా చిన్నమ్మకి రహస్యం చెప్తే ఎవరికీ చెప్పదు, ఎవరికి చెప్పకూడదో వాళ్లకి తప్ప. ఆ కబురు కోటబొమ్మాళి చేరేసరికి, పెళ్లికొడుకుని రోజూ నలుగురు పట్టి లేపితే గానీ మంచం దిగలేడన్న దాకా పెరిగింది.

మావగారు ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే గొడుగు పట్టుకుని రైలెక్కి, విజయనగరంలో దిగి, సాలూరు బస్సెక్కారు. కళ్లారా చూసి తేల్చుకుందామని. వెనక సీటు దొరికింది. ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద వెనక సీటంటే కూర్చునేది తక్కువ, గాల్లో ఉండేది ఎక్కువ. సాలూరు బస్టాండులో దిగి, కింద పెట్టిన సంచీ అందుకోవడానికి వంగారు, వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. నడుం పట్టేసింది. నలుగురూ పోగై, టీకొట్టు బెంచీ మీద ఆయన్ని బోర్లా పడుకోబెట్టి, బెంచీతో సహా వస్తాదు పాకకి మోసుకొచ్చారు.

నేనప్పుడు గోచీ బిగించి, చొక్కా లేకుండా, మోచేతుల దాకా నూనెతో, పొయ్యి దగ్గర వావిలాకు మూట వేడి చేస్తున్నాను. బెంచీ లోపలికొచ్చింది. ముందు నాకు కనపడింది మీసం. చెంప బెంచీకి ఆనించి కళ్లు మూసుకుని మూలుగుతున్నారు గానీ, ఆ మెలి ఎక్కడున్నా గుర్తుపడతాను.  పాకకి వెనక దారి ఉంది, దాని అవతల మురికి కాలవ ఉంది. కాలవలో దూకడం మంచిదా ఇక్కడుండడం మంచిదా అని నిజంగానే తూచుకున్నాను. వస్తాదు మావ ఒక క్లీనరు బెణికిన కాలు పట్టుకుని కూర్చున్నాడు. “ఈ కాలు నానొదల్లేను, ఆ నడుం నువ్వు సూడు” అన్నాడు. కళ్లతోనూ చేతుల్తోనూ నాకు తెలిసిన సైగలన్నీ చేశాను. ఆయన నాకు మామూలుగా వచ్చే బెదురే అనుకుని, సూడెహె అని తల తిప్పుకున్నాడు.

చూశాను. ఏం చెయ్యను. మావగారిని బెంచీ మీంచి బల్ల మీదికి జరిపించి, వావిలాకు కాపడం పెట్టి, నడుముకి అటూ ఇటూ బొటనవేళ్లు ఆనించాను. రాతి మీద చెయ్యి పెట్టినట్టుంది. అయితే నా చేతుల్లో వణుకు లేదు.  మాట్లాడితే గొంతు గుర్తుపడతారని పెదాలు బిగించుకున్నాను. మాటే తక్కువనుకున్న మనిషి, నొప్పి ఏ కాస్త సడలిందో గానీ, బల్లతో చెప్పుకున్నట్టు మొదలుపెట్టారు. తన ఊరు, తను వచ్చిన బస్సు, ఆ బస్సు డ్రైవరు వంశం, అన్నీ అయ్యాక అసలు సంగతికి వచ్చారు.

“ఈ ఊళ్లో లారీ ఆపీసులో మా అల్లుడవబోయే గుంటడున్నాడు. ఆడికి వాతమంట. మీ కాడికే వస్తాడంట రోజూ. నిజమేటి బాబూ?”

వస్తాదు మావ చెయ్యి క్లీనరు కాలి మీద ఆగిపోయింది. ఆయన నన్ను చూశాడు, మావగారి నడుముని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. నేను దణ్ణం పెట్టబోయాను గానీ చేతులు ఖాళీగా లేవు. ఆయన గొంతు సవరించుకుని, ముఖంలో ఏ మార్పూ లేకుండా, గుమస్తా రోజూ వచ్చేమాట నిజమేననీ, వాతం గీతం మాత్రం ఏదీ లేదనీ చెప్పాడు. మరెందుకొస్తాడని మావగారు అడిగారు. ఆ సంగతి ఆడే సెప్తాడులే అని వస్తాదు మళ్లీ క్లీనరు కాలు అందుకున్నాడు.

ఆ మాట మావగారిని కుదుటపరచలేదు. అల్లుడి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆ నడుం కట్టెలా బిగుసుకోవడం నా వేళ్లకి తెలుస్తూనే ఉంది. ఈసారి చాలా నెమ్మదిగా అన్నారు. “నా గుంట తల్లి నేకుండా పెరిగినాది. మంచం పట్టినోడికి సేవ సేసుకుంటూ బతకమని ఎలగంపిస్తాను.”

అప్పటిదాకా నేను భయపడుతున్నది నా గురించే. నన్ను తిడతారని, పెళ్లి చెడుతుందని, నాన్నగారి పరువు పోతుందని. నా వేళ్ల కింద నాకంటే ఎక్కువ భయపడుతున్న మనిషి పడుకుని ఉన్నాడని అప్పుడు తెలిసింది. వెంటనే నేనే మావా అనేద్దామనుకున్నాను. అంటే ఉలిక్కిపడతారు. ఉలిక్కిపడితే ఈ నడుం ఇవాళ్టికి లేవదు. అందుకని గొంతు మార్చి, గాలి పూర్తిగా వదలమన్నాను. వదిలారు. ఇంకోసారి వదలమన్నాను. కాచుకున్నాను. కొంతసేపటికి ఏదో తాడు కోసేసినట్టు ఆయన ఒళ్లంతా ఒక్కసారిగా బల్లకి అప్పగించేశారు. వేళ్లు లోపలికి దిగాయి, ముడి కరిగింది. ఆయన అమ్మయ్య అన్నారు. అప్పుడు నేను నోరు విప్పాను. “మావా, నాకు వాతం లేదు. నేనే.” నా గొంతు అంత పెద్దగా వస్తుందని నాకే తెలియదు. టీకొట్టువాడు బెంచీ కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డవాడు, మరి కదల్లేదు.

మావగారు మెల్లగా తిరిగి, లేచి కూర్చున్నారు. నా కాళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి గోచీ, నూనె, చేతులు, ముఖం, అన్నీ చూశారు. “మరి కుర్సీ?” అన్నారు. వదిలేశానని చెప్పాను. ఇదే నా పని అని కూడా చెప్పాను. మీ నాన్నకి తెలుసా అంటే తెలీదన్నాను. ఆయన బల్ల దిగి, చొక్కా తొడుక్కుని, వంగి సంచీ అందుకుని, నిటారుగా నడుచుకుంటూ బస్టాండు వైపు వెళ్లిపోయారు. వంగిన సంగతి ఆయన గమనించలేదు, పాకలో అందరం గమనించాం. అక్కడ విజయనగరం బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. అది గజపతినగరం మీదుగానే పోతుంది. ఆయన ఎక్కడ దిగుతారో నాకు అర్థమైపోయింది.

వస్తాదు మావ నా పంచె, చొక్కా నా మీదికి విసిరి, “బేగెల్లు, ఆయనకన్నా ముందు మీ నాన్నకి నువ్వు సెప్పాల” అన్నాడు. బెల్లం వేసుకుని బయల్దేరుతున్న లారీ ఒకటి దొరికింది. దాని డ్రైవరు ఎవరో కాదు, నేను మొదట చెయ్యి వేసిన మెడవాడే. నన్ను ముందు కూర్చోబెట్టుకుని, తన మెడ ఎంత బాగా తిరుగుతోందో చూపించడం మొదలుపెట్టాడు. నావైపు తిప్పేవాడు, చూశారా గుమస్తా గారూ అనేవాడు, అటు తిప్పేవాడు, రోడ్డు మీద ఎడ్లబండి వస్తున్నా నావైపే తిప్పేవాడు. ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో ఎదురొచ్చే బళ్లన్నిటికీ దణ్ణాలు పెడుతూ, నాన్నగారికి చెప్పాల్సిన రెండో వాక్యం లోపల్లోపల వల్లెవేసుకున్నాను. రామభద్రపురంలో అతను టీ తాగుతానని ఆపాడు. టీ వచ్చేలోపు విజయనగరం బస్సు మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. కిటికీ పక్కన మావగారు నిటారుగా కూర్చుని ఉన్నారు.

నేను ఇల్లు చేరేసరికి ఆయన మా వీధరుగు మీద మజ్జిగ తాగుతున్నారు. బడికి సెలవు కాబట్టి నాన్నగారూ ఉన్నారు. అమ్మ తలుపు వారన నిలబడింది. నా చొక్కా తిరగేసి తొడుక్కున్నానని ఆవిడ ముఖం చూస్తేనే తెలిసింది. మావగారు విషయం చెప్పలేదట. మీ అబ్బాయి వస్తాడు, ఆడే చెప్తాడు అని కూర్చున్నారట. చెప్పాను. ఉద్యోగం మానేశానని, వస్తాదు దగ్గర మర్దన నేర్చుకున్నానని, అదే చేసుకు బతుకుతానని. ఇన్నాళ్లూ నోట్లో నలిగిన వాక్యం తీరా బయటికొస్తే ఎంతో లేదు. అమ్మ ముందుగా, అయితే నీకు వాతం లేదురా అని కొంగుతో కళ్లొత్తుకుంది. ఆవిడ ఆనందం ఆవిడది.  వీధి చివరిదాకా వినపడే నాన్నగారి గొంతు మాత్రం ఆ రోజు అరుగు దాటలేదు. “ఆ ఉద్యోగం ఇప్పించిన నా శిష్యుడికి నేనేం చెప్పుకోనురా?” అన్నారు.

మావగారు గ్లాసు కింద పెట్టారు. “మాస్టారూ, నాను కోపంతోనే బస్సెక్కినాను. మీ ముందు గట్టిగా మాటాడాలనే వచ్చినాను. దారంతా కూకున్నాను, నడుం నొప్పెట్టనేదు. కోపం నిలబడ్డం నేదు” అన్నారు. లేచి, మళ్లీ అన్నారు. “అయినా కూకునే వోడని సెప్పి గుంటని ఒప్పించినాను. మల్లీ దాన్నడగాల. అదేటంటే అదే.” గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. పాకలో ఒకరి ఒంటి మీద చెయ్యి ఉన్నంతసేపూ బాగానే ఉండేది. చెయ్యి కడుక్కోగానే మొదలయ్యేది. నేను కనీసం తలెత్తి చూడని అమ్మాయి నన్ను వద్దంటుందేమోనని గుండెలు బాదుకోవడంలో న్యాయం లేదని తెలుసు, అయినా బాదుకునేవాణ్ణి. కోటబొమ్మాళి వైపు నుంచి ఏ బస్సు వచ్చినా (అసలు అటునుంచి సాలూరికి నేరుగా బస్సే లేదు) వెళ్లి చూసొచ్చేవాణ్ణి. చివరికి కబురు మోసుకొచ్చింది మా చిన్నమ్మే. ఈసారి ఆవిడ ఏమీ కలపకుండా చెప్పిందని ఆ తర్వాత రుజువైంది.

మావగారు ఇంటికి వెళ్లేసరికి అమ్మాయి పెరట్లో బియ్యం చెరుగుతోందట. ఆయన ఎదురుగా గట్టు మీద కూర్చుని, దాచకుండా మొత్తం చెప్పారట, కుర్చీ పోయిందని, తాటాకు పాక అని, గోచీ అని, మోచేతుల దాకా నూనె అని. ఆమె చేట ఆపకుండానే విందట. అన్నీ అయ్యాక, “నీ నడుం తగ్గినాదా నాన్నా?” అని అడిగిందట. తగ్గిందన్నారు. “మరింకేటి?” అందట. అని, బియ్యంలోంచి ఒక రాయి ఏరి పారేసి, మళ్లీ చెరుక్కుందట.

వైశాఖంలో పెళ్లయింది. తలెత్తి చూశాను కూడా. పెళ్లిపందిట్లో మావగారి తాలూకు ముసలివాళ్లు ఒక్కొక్కరే వచ్చి, ఆశీర్వచనంతో పాటు మోకాలు కూడా చూపించి వెళ్లారు. మధుపర్కాలతోనే నేను ఓ పెదమావగారి మెడ సవరించాను. పక్కన కూర్చున్న పెళ్లికూతురు ఆయన్ని, ఇప్పుడు తిప్పి చూడు పెదనాన్నా, అని అడుగుతోంది.

నాన్నగారికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. మా వాడు ఒళ్లు పడతాడని ఆయన నోట రాలేదు. ఎవరైనా అడిగితే, వాడు సంవాహన విద్య అభ్యసించాడండీ అనేవారు. విన్నవాళ్లకి అర్థమయ్యేది కాదు, అందుచేత గౌరవించేవారు. అప్పటికి వస్తాదు మావ పోయాడు, పాక పెంకుటిల్లయింది. రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం నాన్నగారు చెప్పాపెట్టకుండా ఒక్కరే సాలూరు వచ్చారు. కండువా తీసి మడిచారు, చొక్కా విప్పారు, నావైపు వీపు తిప్పి కూర్చున్నారు. “బోర్డు మీద రాసి రాసి ఈ చెయ్యి పైకి లేవటం లేదురా” అన్నారు. ఎంత మందిని పట్టానో, ఎప్పుడూ ఒంటి మీద పడ్డాక వణకని నా చెయ్యి ఆ భుజం మీద వణికింది. ఆయనకి తెలిసింది. ఏమీ తెలియనట్టు, “పరవాలేదు, కానియ్యి” అన్నారు.

ఇప్పుడు నాకు ఎనభై దగ్గర పడింది. వేళ్లు పూర్తిగా ముడుచుకోవు, పని మానేసి చాలాకాలమైంది. ఒక్కోసారి మధ్యాహ్నం పూట కూర్చుని, బెల్లం లారీలో తలుపు పట్టుకుని, ఎదురొచ్చే ఎడ్లబళ్లకి కూడా దణ్ణాలు పెడుతున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటాను. ఒరే, ఏమీ కాదురా, అంతా బాగానే తేలుతుంది అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా నమ్మడు. మరెందుకు చెప్తున్నారు, ఏమైనా దాస్తున్నారా అని కొత్త దడ పెట్టుకుంటాడు. ఈ మధ్య పక్కింట్లో ఫోను మోగితే నేను ఉలిక్కిపడి లేచాను. అది మనది కాదు, కూకోండి, అంది మా ఆవిడ. కూర్చున్నాను. ఇన్నేళ్లొచ్చినా వాడు నాలోంచి ఎక్కడికీ పోలేదు. కాకపోతే, ఇప్పుడు వాడంటే కాస్త ముద్దొస్తుంది.